ఏ డాక్టరండీ?

తాడేపల్లిగూడెంలో పెళ్ళి కార్డులు వేసే కొట్లకి లోటు లేదు. తప్పుల్లేకుండా వేసే కొట్టు కావాలంటే మాత్రం స్టేషన్ రోడ్డుకి వెళ్ళి హెప్సిబా ఎదురుగా కూర్చోవాలి. బోర్డు మీద కరుణ గ్రాఫిక్స్ అని ఉంటుంది గాని ఆ పేరు ఎవరూ వాడరు. హెప్సిబా గారి కొట్టు అంటారు. అన్నాక గొంతు కాస్త తగ్గించి, ఆవిడ కొంచెం పేచీ మనిషండీ అని కూడా చెబుతారు. వాళ్ళన్నదాంట్లో అబద్ధం లేదు. కాకపోతే ఆ పేచీ అంతా ఒకే ఒక్క అక్షరం దగ్గర. ‘డా’, దాని పక్కన చుక్క.

కార్డులో గాని ఫ్లెక్సీలో గాని ఎవరి పేరు ముందైనా ఆ అక్షరం పెట్టమంటే హెప్సిబా కీబోర్డు మీంచి చేతులు తీసేస్తుంది. కళ్ళజోడు పైకి తోసుకుని చాలా మర్యాదగా, “ఏ డాక్టరండీ? ఎవరిచ్చారు?” అని అడుగుతుంది. పెద్దింటివాళ్ళని లేదు, పార్టీవాళ్ళని లేదు, అందరికీ అదే ప్రశ్న. లోపల ఫ్లెక్సీ మిషను దగ్గరుండే ఆమె భర్త వెస్లీ ఆ మాట వినపడగానే తల పట్టుకుంటాడు. కాళ్ళ దగ్గరకొచ్చిన బేరం ఆ మాటతోనే లేచిపోతుందని అతని బాధ. పోతే పోనీ అంటుంది ఈమె.

ఆమెని తప్పుపట్టే ముందు మన చుట్టుపక్కల డాక్టర్లని ఒకసారి తలుచుకోవాలి. ఆస్పత్రిలో నాడి పట్టి చూసేవాడు డాక్టరు, సరే. ఆయన్ని పెళ్ళాడిన పుణ్యానికి ఇంటావిడ డాక్టరమ్మ. గేదెకి సూది వేసేవాడు డాక్టరు. ఆకివీడు వైపు వెళితే, చెరువు గట్టున మోటారు సైకిలు ఆపి, సీసాలో నీళ్ళు పట్టి, చేప మొప్ప ఎత్తి చూసి మందు రాసిచ్చే మేత కంపెనీ కుర్రాడు కూడా డాక్టరే. రైతులు అతనికి కొబ్బరిబొండాం కొట్టించి మరీ డాక్టరు గారూ అంటారు. మాడిపోయిన సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టుకి సెల్ డాక్టర్ అని బోర్డు. కాలు బెణికితే పట్టు వేసేవాడు డాక్టరు. పిల్లలకి సాంఘికశాస్త్రం చెబుతూ ఎక్కడో పీహెచ్‌డీ చేసినాయన డాక్టరు, కానీ పాపం ఆయన్ని మాత్రం వీధిలో అందరూ మాస్టారూ అనే పిలుస్తారు.

పీహెచ్‌డీ చేసినవాళ్ళంటే హెప్సిబాకి ఒక మెత్తదనం ఉంది. ఒకసారి ఎముకల డాక్టరు భాస్కరరావు గారు కూతురి పెళ్ళి కార్డు కోసం వచ్చారు. బల్ల మీద ఎవరిదో గృహప్రవేశం కార్డు ప్రూఫు ఉంది. డా. శాంతకుమారి, తెలుగు లెక్చరరు, పెంటపాడు. ఆయన అది చదివి నవ్వి, ఈవిడ ఎవరికి వైద్యం చేసిందండీ అన్నారు. హెప్సిబా నవ్వలేదు. అసలా మాట పంతుళ్ళదేనని చెప్పింది. లాటిన్‌లో డాక్టరంటే పాఠం చెప్పేవాడని, పూర్వం పెద్ద పెద్ద విశ్వవిద్యాలయాల్లో మతం, న్యాయం, వైద్యం బోధించే అర్హత వచ్చినవాళ్ళందరినీ అలా పిలిచేవారని, జబ్బులు చూసేవాళ్ళకి ఆ పిలుపు అక్కణ్ణుంచే వచ్చిందని వివరించింది. ఆయన మంచివాడు కాబట్టి సరదాగా తీసుకున్నారు. “అయితే మేం అరువు తెచ్చుకున్నామన్నమాట. ఇంతకీ మీరేం చదివారండీ?” అన్నారు. ఏదో చదివానండీ అని హెప్సిబా ప్రూఫు ఆయన ముందుకి జరిపింది.

ఆ ఏదో ఏమిటో ఆమె ఎవరికీ చెప్పదు. మనం చెప్పుకోవచ్చు.

హెప్సిబాది కొల్లేట్లో గరువులంక. తండ్రి ఎలీయాజరు. ఆయన పెళ్ళి కాకముందు ఏలూరులో ఒక మిషన్ ఆస్పత్రిలో డ్రెస్సరుగా పనిచేశాడు. అంటే పుళ్ళు కడిగి కట్లు కట్టే ఉద్యోగం. తర్వాత సొంతూరు వచ్చేసి, ఇంటి ముందు గదిలో ఒక బల్ల, ఒక స్టవ్వు, సూదులు మరిగించే గిన్నె పెట్టుకున్నాడు. వలలు లాగేవాళ్ళకి ఇంగిలాయి చేప ముల్లు దిగితే తీసేవాడు. జ్వరాలకి బిళ్ళలిచ్చేవాడు. అంతకు మించిన జబ్బయితే తను వైద్యం చేసేవాడు కాదు. రోగిని దోనెలో పడుకోబెట్టి, తర్వాత్తర్వాత ఆటోలో కూర్చోబెట్టి, ఏలూరు పెద్దాస్పత్రికి తీసుకుపోయేవాడు. చీటీ రాయించి, లోపలికి పంపి, వాళ్ళు చెప్పింది వీళ్ళకి విడమరిచి చెప్పి, మళ్ళీ వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఆయన జీవితంలో సగం ఆస్పత్రి వరండాల్లోనే గడిచిందంటే తప్పులేదు. గది తలుపు మీద ‘ఎలీయాజరు, ప్రథమ చికిత్స’ అని మాత్రం రాయించుకున్నాడు. ఊరు ఊరంతా డాక్టరు గారూ అనేది. ఆయన పలికేవాడు.

కూతురు విశాఖలో ఎమ్మెస్సీ చేసి, అక్కడే పీహెచ్‌డీలో చేరింది. విషయం కొల్లేటి నాటు చేపలు. చేపల చెరువులు తవ్వాక వాలుగ, మార్పు, మట్టగిడస జాతులు ఎక్కడెక్కడ మిగిలాయి, ఎందుకు మిగిలాయి అన్నది ఆమె ప్రశ్న. పుట్టిన ఊరి నీళ్ళనే జాడీల్లో నింపుకుని విశాఖకి మోసింది. సిద్ధాంత వ్యాసం రాయడం మొదలుపెట్టిన యేడు తండ్రికి పక్షవాతం వచ్చింది. తల్లి అప్పటికే లేదు. మంచం దగ్గర ఉండడానికి ఇంకెవరూ లేరు. ఒక్క నెల చూసుకుని వెళదామని వచ్చిన పిల్ల, తండ్రి కర్ర పట్టుకుని నడిచేదాకా కదల్లేదు. ఈలోగా గైడు రిటైరయ్యారు, ఇచ్చిన గడువు దాటింది, రాయాల్సిన ఉత్తరాలు రాయలేదు. తర్వాత వెస్లీతో పెళ్ళి, గూడెం, కొట్టు. తండ్రీ కూతుళ్ళిద్దరూ ఆ చదువు సంగతి మళ్ళీ ఎత్తలేదు. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చిన మనిషి, తక్కినవాళ్ళు గోడ దూకి లోపలికి పోతుంటే చూస్తూ ఊరుకోలేదు. పేచీ అక్కణ్ణుంచి పుట్టింది. నిజం చెప్పాలంటే అందులో అసూయ కూడా కొంత ఉంది. ఆమె మహా తల్లి అని చెప్పడానికి నేనిది రాయడం లేదు.

మొన్న చలికాలంలో ఒక రెవరెండు గారు సువార్త సభల ఫ్లెక్సీ కోసం వచ్చారు. పేరు ముందు రెవరెండ్, దాని పక్కన డాక్టర్. హెప్సిబా తన ప్రశ్న అడిగింది. విదేశంలో ఒక బైబిలు కాలేజీవాళ్ళు గౌరవంగా ఇచ్చారని ఆయన చెప్పారు. అయితే ‘గౌరవ డాక్టరేట్ గ్రహీత’ అని పేరు కింద వేస్తానండీ, పేరు ముందు వెయ్యడం పద్ధతి కాదండీ అంది. ఆయన మొహం మాడిపోయింది. మా సంఘంలో నన్ను అందరూ అలాగే పిలుస్తారమ్మా అన్నారు. పిలవడం వేరండీ, వెయ్యడం వేరండీ అంది ఈమె. ఆయన లేచి పక్క వీధిలో కొట్టుకి వెళ్ళిపోయారు. ఆ వారమంతా వెస్లీ ఇంట్లో ముభావంగా తిరిగాడు.

అది జరిగాక కొన్నాళ్ళకి గరువులంక నుంచి సంఘ పెద్ద మత్తయి వచ్చాడు. హెప్సిబాకి వరసకి బాబాయి. చర్చి కట్టి వందేళ్ళవుతోందని, పండుగ చేస్తున్నారని, ఆ సభలో ఎలీయాజరు గారికి శాలువా కప్పి సన్మానం చేద్దామని సంఘమంతా అనుకుందని చెప్పాడు. ఫ్లెక్సీ సొంత కూతురు చేతిమీదుగా రావాలని పట్టుదలగా గూడెం దాకా వచ్చాడట. హెప్సిబాకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పండి బాబాయ్ అని కీబోర్డు దగ్గరకి జరిగింది.

మత్తయి గొంతు సవరించుకుని చెప్పడం మొదలుపెట్టాడు. సన్మాన గ్రహీత, డాక్టర్ ఎలీయాజరు గారు.

చేతులు కీబోర్డు మీంచి వాటంతటవే లేచాయి. ప్రశ్న మాత్రం నోటి దాకా వచ్చి ఆగిపోయింది. మత్తయి అదేమీ గమనించకుండా, ప్రసంగీకులుగా రెవరెండు గారిని పిలిచామని చెప్పాడు. ఎవరో కాదు, పక్క వీధి కొట్టుకి వెళ్ళిన రెవరెండు గారే. ఆయన వచ్చి ఆ ఫ్లెక్సీ కింద కూర్చుంటాడు. ఇంతకీ మత్తయి చెప్పడం ఇంకా పూర్తి కాలేదు.

“ఆత్మీయ అతిథి, డాక్టర్ హెప్సిబా గారు. ఇది కాస్త పెద్దక్షరాలతో వెయ్యమ్మా.”

“నేనేం డాక్టరు బాబాయ్?”

“చేపల డాక్టరువి కదమ్మా. కొల్లేటి చేపల మీద పుస్తకం రాస్తే విశాఖలో ఇచ్చారంట కదా. నాన్నగారు ఎప్పుడో చెప్పారు. ఊళ్ళో తెలియనోళ్ళు లేరు.”

ఊరు వెళ్ళినప్పుడు ముసలమ్మలు డాక్టరమ్మా అని పలకరిస్తే, డాక్టరు గారమ్మాయి కాబట్టి అలా అంటున్నారనుకుని ఇన్నేళ్ళూ నవ్వి ఊరుకుంది హెప్సిబా. అసలు సంగతి ఇప్పుడు తెలిసింది. మేటరు నేను చూసి వేస్తాలే బాబాయ్ అని మత్తయిని సాగనంపి, మర్నాడు పొద్దున్నే గణపవరం మీదుగా ఆకివీడు బస్సెక్కింది.

దారి పొడుగునా ఆమెకి కోపమే. తనదయితే చెరిపేస్తే సరిపోతుంది. తండ్రిది చెరిపితే, ఎనభైకి దగ్గరపడ్డ మనిషిని, ఆయన ఊళ్ళో, ఆయన జనం ఎదుట, కన్నకూతురే కిందికి దించినట్టవుతుంది. చెరపకపోతే, ఇన్నేళ్ళుగా ఊరందరినీ నిలదీసిన నోటికి ఇక విలువుండదు. ఆర్‌ఎంపీలు పేరు ముందు ఆ మాట రాసుకోకూడదని ఎంతమందికి చెప్పి పంపించింది! వాళ్ళకీ కూతుళ్ళుంటారు కదా. ఆకివీడులో దిగి ఆటో ఎక్కింది. రెండు పక్కలా చెరువులు, తాళ్ళకి వేలాడే మేత సంచులు, ఐసు నీళ్ళు కారుస్తూ పోయే చేపల లారీలు. గూడబాతులు తప్ప ఆ నీళ్ళలో తన చిన్నప్పటివి ఏవీ కనపడలేదు.

ఎలీయాజరు ముందు గదిలోనే ఉన్నాడు. ఇప్పుడు సూదులూ లేవు, స్టవ్వూ లేదు. ఊళ్ళోకి వారానికోసారి వచ్చే గవర్నమెంటు డాక్టరు మైత్రేయి గారి కోసం ఎదురుచూసేవాళ్ళు కూర్చోవడానికి బెంచీ మాత్రం ఉంచాడు. కూతుర్ని చూసి సంబరపడి, ఆరోగ్యం అదీ అడిగి, టీ పెట్టమంటావా అన్నాడు. హెప్సిబా నిలబడే అడిగింది.

“నాకు డాక్టరేట్ వచ్చిందని ఊళ్ళో చెప్పారా నాన్నా?”

ఆయన బుకాయించలేదు. చెప్పానమ్మా అన్నాడు. ఎందుకు చెప్పారని నిలదీసింది. గూడెంలో తను ఎలా బతుకుతోందో, ఒక్కొక్కరినీ ఎలా అడుగుతుందో, రేపు రెవరెండు గారి ముందు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలో అంతా చెప్పింది. గొంతు పెరిగింది. మీ పేరు ముందు కూడా వెయ్యలేను నాన్నా, నన్ను ఇరకాటంలో పెట్టకండి అని ఏడుపు ఆపుకుంటూ అంది. ఎలీయాజరు కర్ర మీద గెడ్డం ఆనించుకుని అంతా విన్నాడు.

“నాది తీసెయ్యమ్మా,” అన్నాడు చివరికి. “నేను కట్లు కట్టేవాణ్ణి. పిలుస్తుంటే బాగుండేది, వద్దని చెప్పబుద్ధి కాలేదు. అంతే. నీది మాత్రం తియ్యకు.”

“అది వచ్చింది కాదు కదా నాన్నా.”

“రాకుండా చేసింది నేను కాదూ? నేను మంచాన పడకపోతే నీకు వచ్చేది. నా ఒంటికి నువ్వు నీళ్ళు పోస్తుంటే రోజూ అదే అనుకునేవాణ్ణి. నడవడం వచ్చి బయటికెళ్ళిన రోజున పక్కింటి దానమ్మ ఎదురొచ్చి, అమ్మాయి చదువు అయిపోయిందా డాక్టరు గారూ అంది. అయిపోయింది, డాక్టరయిందన్నాను. నోటిమాటగా తప్ప నీకు తిరిగి ఇవ్వడానికి నా దగ్గర ఇంకేముందమ్మా?”

హెప్సిబా బెంచీ మీద కూర్చుంది. తన చదువు ఆగిపోయినందుకు తండ్రి ఒక్క మాట అనలేదని, ఆయనకది పట్టలేదని ఇన్నేళ్ళూ లోలోపల కష్టపెట్టుకుంది. తర్వాత ఆమే లేచి టీ పెట్టింది. తాగి, పండక్కి వస్తానని చెప్పి, కోపం లేకుండానే బస్సెక్కింది. కోపం పోయింది గాని పద్ధతి పోలేదు.

ఫ్లెక్సీ తనే కంపోజు చేసింది. శ్రీ ఎలీయాజరు గారు. శ్రీమతి హెప్సిబా. ప్రసంగీకుల పేరుతో సహా ఏ పేరు ముందూ ఆ అక్షరం లేదు. తండ్రి ఫోటో మాత్రం పెద్దది పెట్టింది. మిషను మీంచి బట్ట దిగుతుంటే వెస్లీ చూసి, కనీసం మామయ్యది ఉంచవలసింది హెప్సీ, ఎవరేమనుకుంటారు అన్నాడు. నన్నేమీ అడక్కు అంది. ఆ రాత్రి అన్నం సహించలేదు ఆమెకి.

పండుగ రోజున చర్చి ముందు షామియానా వేశారు. వేదిక వెనక ఫ్లెక్సీ కట్టారు. మత్తయి దాన్ని పైకీ కిందికీ చూసి, ఏదో తగ్గిందే అనుకుంటూ తల గోక్కున్నాడు గాని అప్పుడు చేసేదేమీ లేదు. రెవరెండు గారు కూడా చూశారు. చూసి, ముందు వరసలో కూర్చున్న హెప్సిబా వైపు తిరిగి తల పంకించారు. ఆ పంకించడంలో వెటకారం ఉందో మెప్పు ఉందో ఆమెకి తెలియలేదు. ఎలీయాజరు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వేదిక మీద కుర్చీలో కూర్చున్నాడు. తన పేరు ఆయన తీరిగ్గా చదువుకున్నాడు. ఆయన మొహంలో ఏ మార్పూ లేదు. తర్వాత కూతురి పేరు చదువుకున్నాడు. అప్పుడు కర్రని ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకున్నాడు.

ప్రార్థన, పాట, ప్రసంగం అయ్యాక మత్తయి మైకు తీసుకున్నాడు. ఫ్లెక్సీ మీద ఉన్నదున్నట్టు చదవడం మేలనుకున్నట్టున్నాడు. సన్మాన గ్రహీత శ్రీ ఎలీయాజరు గారని చదివితే జనం చప్పట్లు కొట్టారు. వారికి శాలువా కప్పడానికి వారి కుమార్తె శ్రీమతి హెప్సిబా గారిని వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాము అన్నాడు.

హెప్సిబా లేచి రెండడుగులు వేసింది. ఎలీయాజరు కుర్చీలోంచి చెయ్యి ఎత్తాడు. ఆగమ్మా అన్నట్టు. కర్ర ఊతంతో మెల్లిగా లేచి నిలబడ్డాడు. మత్తయి చేతిలోని మైకు వైపు వంగి, ఎంతో మర్యాదగా అన్నాడు.

“డాక్టరు హెప్సిబా గారు అనాలండీ.”

షామియానా వెనక వరసల్లోంచి ఎవరో అవునవునన్నారు. మత్తయి సంతోషంగా మళ్ళీ చదివాడు, ఈసారి ఆ మాట పెట్టి. ఊరంతా చప్పట్లు కొట్టింది. కాదండీ అని చెప్పాలని హెప్సిబా నోరు తెరిచింది. ఇంతమందిని దిద్దిన మనిషికి అదేం కష్టం కాదు. కానీ వేదిక మీద ఆ ముసలాయన ఇంకా నిలబడే ఉన్నాడు, ఆమె పైకి వచ్చేదాకా కూర్చునేలా లేడు. తన పేరు ముందు లేని దాని కోసం ఆయన ఒక్క మాట అనలేదు. ఆమె నోరు మూసుకుని మెట్లెక్కింది.

శాలువా అందించే పని రెవరెండు గారిది. ఆయన మడత విప్పి ఆమె చేతికిస్తూ, ఇద్దరికే వినపడేలా, నవ్వుతూ అడిగారు.

“ఏ డాక్టరండీ? ఎవరిచ్చారు?”

హెప్సిబా ఆయన వైపు చూసింది. కోపం రాలేదు. అడగవలసిన ప్రశ్నే అది.

“మా నాన్నగారు ఇచ్చారండీ,” అంది.

ఆమె వెళ్ళి తండ్రి భుజాల చుట్టూ శాలువా కప్పి, ఇక కూర్చోండి నాన్నా అంది.